తుత్తం వెయ్యని జిగురు

గనుల కాలనీ, ఒడిశా
3 జూలై 2024

వదినా,

నమస్కారం. ఫోను చెయ్యకుండా ఉత్తరం రాశాడేమిటని అనుకుంటావు. పోయిన నెల ఫోనులో నాకు జ్వరమని చెబితే "మంచిదే నాయనా" అన్నావు. నీ చెవులకూ మా కొండల్లో సిగ్నలుకూ పొత్తు కుదరదు. పైగా ఈసారి అడగాల్సింది వివరంగా అడగాలి.

నేను చేసే పనేమిటో నీకు ఎప్పుడూ చెప్పలేదు. గనిలో రాయి పోను ఇనుప ఖనిజం పొడి చాలా మిగులుతుంది. పొడిని పొడిగానే కొలిమిలో పోస్తే లోపల గాలి ఆడదు. అందుకని తడిపి, జిగురు కలిపి, తిరిగే పెద్ద పళ్లెంలో రేగుపళ్లంత గుండ్లు చేసి కాలుస్తాం. ఆ జిగురు ఇప్పటిదాకా ఒక రకం బంకమట్టి. బాగానే పట్టుకుంటుంది కాని, కాలిన తర్వాత కూడా ఇసుకై గుండులోనే కూర్చుంటుంది. ఇనుము చేసేవాళ్లకు అది చెత్త. మట్టికి బదులు వేరే జిగురు కనిపెట్టడం నా పని. ఎనిమిదేళ్లుగా గంజిపిండి, చెట్ల బంకలు, చెరకు మడ్డి అన్నీ చూశాను. ఏదీ నిలవలేదు.

కొత్త మేనేజరు దీక్షిత్ మార్చి ముప్పై ఒకటి గడువు పెట్టాడు. ఆలోగా ఏదీ తేలకపోతే నా ప్రయోగశాల మూసేసి నన్ను నాలుగేళ్లు ముందే ఇంటికి పంపుతారు. ఇక్కడ ముప్పై ఏళ్లయింది వదినా. పెళ్లి లేదు, పిల్లలు లేరు. ఈ గది కూడా పోతే నేను ఫలానా అని చెప్పుకోడానికి ఏమీ ఉండదు.

నిన్న ఉన్నట్టుండి అన్న గుర్తొచ్చాడు. గుడి వాహనాలకు గుడ్డ అంటించడానికి మీరిద్దరూ చింతగింజలతో చేసే జిగురు గుర్తొచ్చింది. నా చిన్నప్పుడు అంటించిన గరుత్మంతుడి రెక్క నేను కాలేజీకి పోయేదాకా ఊడలేదు. అది ఎట్లా చేస్తారో రాయి.

శ్రీపాద


కార్వాన్, హైదరాబాద్
14 జూలై 2024

చిరంజీవి శ్రీపాదకు వదిన రంగనాయకి దీవెనలు.

జ్వరానికి మంచిదే అన్నానా! జీతం పెరిగిందన్నావనుకున్నాను. ఎదురుగా కూర్చున్నా నోరు విప్పని మనిషివి, నీ మాట ఫోనులో వినపడకపోవడం నా చెవుల తప్పా?

ఎట్లా చేస్తారో రాయమన్నావు. రాస్తే వచ్చేదైతే మీ అన్న నాకు అన్నేళ్లు ఎందుకు నేర్పుతాడు? గింజలు వేయించాలి, పొట్టు పగలాలి, పప్పు మాడకూడదు. పొట్టు దంచి తీసి, నానబెట్టి, రుబ్బి, కుండలో ఉడికించాలి. ఇక చాలు, దించమని తెడ్డు బరువే చెబుతుంది. ఆ బరువు ఉత్తరంలో ఎట్లా రాయను? నేనే చేసి పంపుతున్నాను.

మీ అన్న పోయిన తర్వాత ఈ కుండ పొయ్యి ఎక్కలేదు. కరోనాకు దారులు మూసేసి నువ్వు ఆయన్ను కడసారి చూడలేకపోయావు, దానికి నేనేమీ అనుకోలేదు. కాని ఒకటి నీకు చెప్పలేదు. కర్మ అయిన వారానికి గుడి కమిటీవాళ్లు వచ్చి, "ఇగ మీ చేతి జిగురు దేవునికి పనికిరాదమ్మా, ఏమనుకోకుండ్రి" అన్నారు. విధవ చెయ్యి కదా. నలభై నాలుగేళ్లు కలిపింది ఈ చెయ్యే. ఇప్పుడు వాహనాలు ఫైబర్‌వి కొన్నారట, వాటికి జిగురే అక్కర్లేదట. పోనీలే, నీ ఇనుప రాతికి మడి, మైల ఉండవు. దానికైనా పనికొస్తానేమో చూద్దాం.

కింది వాటాలో అద్దెకుండే రుక్మాబాయి గింజలు తెచ్చిపెట్టింది. "గీ వయసుల గింత కష్టమేందమ్మా, ఫెవికాల్ డబ్బా తెచ్చుకోరాదు?" అని ఒకటే గోల. ఉడికిన జిగురును పళ్లాల్లో పరిచి ఎండబెట్టిన రేకులు పంపుతున్నాను. నీళ్లు పోస్తే మళ్లీ జిగురవుతుంది. వారంలో వాడెయ్యి, ఎక్కువ రోజులుంచితే పురుగు పడుతుంది.

తేలకపోతే మాత్రం ఏమవుతుంది? ఇంటికి వస్తావు. నా గది పక్కన నీ గది అట్లాగే ఉంది. మంచం మీద అప్పడాలు ఆరబెడుతున్నాను, వచ్చే ముందు చెబితే తీసేస్తాను.

నీ వదిన


గనుల కాలనీ
9 ఆగస్టు 2024

వదినా,

పనికొచ్చావు. మామూలుగా కాదు.

కాల్చకముందు పచ్చి గుండును మోకాలెత్తు నుంచి ఇనుప పలక మీద పడేస్తాం. ఎన్నిసార్లు పడితే పగులుతుందన్నదే దాని బలం. మట్టి కలిపినవి ఐదుసార్లకు పగిలాయి. నీవి పదకొండు. నా దగ్గర పద్దెనిమిదేళ్లుగా పనిచేసే వైకుంఠమని ఒకాయన ఉన్నాడు, మన వరంగల్ వైపు మనిషి. అతను లెక్కపెడుతూ, "పగుల్తలేదు సార్, మన చెయ్యే నొస్తుంది" అన్నాడు. ఈ గదిలో మేమిద్దరం అట్లా నవ్వి ఎన్నాళ్లయిందో.

మట్టి ఎంత వేసేవాళ్లమో దానిలో పదో వంతు నీ జిగురు వేస్తే సరిపోతోంది. కాల్చినప్పుడు నీ జిగురు పూర్తిగా కాలిపోతుంది, లోపల ఏమీ మిగలదు. అదే దాని గొప్ప. గుండు గట్టిపడేదాకా పట్టుకుని ఉండి, తర్వాత తాను లేకుండా పోవాలి.

దీక్షిత్ ఒక పెద్ద పరీక్షకు ఒప్పుకున్నాడు. అక్టోబరు చివర ఐదు టన్నుల గుండ్లు చేసి చూస్తాం. దానికి ఐదు కిలోల రేకులు కావాలి. సెప్టెంబరులో పంపితే చాలు. పరీక్ష దాకా ఈ వానల్లో మా స్టోరులో ఉంటాయి కాబట్టి చెడిపోకుండా చూడు. ఈ పరీక్ష నెగ్గితే నా గది నిలుస్తుంది.

శ్రీపాద


కార్వాన్
21 సెప్టెంబరు 2024

శ్రీపాదా, ఆశీస్సులు.

కాలిపోయి ఏమీ మిగలకపోవడం గొప్పా? మగవాడివి, నీకట్లాగే అనిపిస్తుంది.

ఐదు కిలోలు ఈ రోజు కొరియర్‌లో పంపాను. ఇరవై రెండు రోజులు పట్టింది. ఎండ గంట కాస్తే రెండు గంటలు వాన. పళ్లాలు బయట పెట్టడం, లోపలికి పరుగెత్తడం. రుక్మాబాయి కింది నుంచి "వానమ్మా వాన!" అని అరుస్తుందట, నాకు వినపడక మొదటి రెండు పళ్లాలు నీళ్లపాలయ్యాయి. ఇప్పుడు చీపురుకట్టతో పైకప్పు పొడుస్తుంది, నా కాళ్లకు తెలుస్తుంది. చేతులు బొబ్బలెక్కాయి కాని పొద్దున లేవగానే చెయ్యాల్సిన పని ఒకటి ఉందంటే ఎంత బాగుంటుందో మర్చిపోయాను.

మధ్యలో ఒక చిన్న వస్తువు కావలసి పత్తర్‌గట్టి దాకా వెళ్లాను. మీ అన్న ఎప్పుడూ పోయే పసారీ దుకాణమే, మందు దినుసులు అమ్మేది. ఆ ముసలాయన నన్ను గుర్తుపట్టి "క్యా అమ్మా, భోత్ దినాఁ కే బాద్ ఆయే! రావ్ సాబ్ కైసే హైఁ?" అన్నాడు. నా చెవి దగ్గరికొచ్చి గట్టిగా అడిగాడు, వినపడలేదని తప్పించుకోడానికి లేదు. మీ అన్న విఠల్‌రావుగారు పోయి మూడేళ్లయిందని చెప్పలేక, బాగున్నారని చెప్పాను. ఇంటికి వచ్చేదాకా నిజంగానే బాగున్నట్టనిపించింది.

దేవుడికి చేసినట్టే చేశాను. ఏ లోటూ రానివ్వలేదు.

వదిన


గనుల కాలనీ
28 అక్టోబరు 2024

వదినా,

పరీక్ష ఆగిపోయింది. జిగురు పొడిని బయటి లేబుకు పంపితే అందులో రాగి ఉందని వచ్చింది. రాగి ఒకసారి ఇనుములో చేరితే దాన్ని బయటికి తియ్యలేరు. అందుకే మా గుండ్లు కొనేవాళ్లు, కలిపే సరుకులో రాగి జాడ కూడా ఉండకూడదని రాయించుకుంటారు. దీక్షిత్ కాగితం చూసి ఫైలు మూసేశాడు.

జూలైలో నువ్వు పంపిన దాంట్లో రాగి లేదు. కాబట్టి ఇది మధ్యలో ఎక్కడో చేరింది. రేకులన్నీ వైకుంఠం ఒకేసారి మిల్లులో వేసి పొడి చేశాడు, మళ్లీ చూడ్డానికి ఒక్కటీ మిగల్లేదు. అదే మిల్లులో అంతకుముందు రాగి ఖనిజం నూరారు. కడిగే వేశానంటాడు.

ఏదీ వదలకూడదు కాబట్టి అడుగుతున్నాను. రాగి గుండిగలో వండావా? ఏమైనా కలిపావా? వెంటనే రాయి.

శ్రీపాద


కార్వాన్
6 నవంబరు 2024

శ్రీపాదా,

నేను వండింది మట్టికుండలో. తెడ్డు కొయ్యది. ఏమీ కలపలేదు.

మనసు పాడుచేసుకోకు. ఆ పరీక్ష జరగకపోతే ఉగాదికల్లా ఇంటికి వచ్చెయ్యి. మంచం మీద అప్పడాలు తీసేశాను.

వదిన


గనుల కాలనీ
25 నవంబరు 2024

వదినా,

నీ మాట విన్న తర్వాత ఇక మిల్లు తప్ప వేరే దారి కనిపించలేదు. కడగకుండా వాడాడని వైకుంఠం మీద నేనే సంతకం చేసి ఇచ్చాను. అతన్ని లేబు నుంచి తీసి యార్డులో లారీలు లెక్కపెట్టే పనికి వేశారు. ఎర్రదుమ్ములో పన్నెండు గంటల డ్యూటీ, మనిషికి ముందే ఆయాసం. వెళ్లేటప్పుడు నాతో గొడవ పడలేదు. "కడిగిన సార్. మీరు నమ్మకుంటె ఇంకేం జెయ్యాలె" అన్నాడు, తాళాలు బల్ల మీద పెట్టి పోయాడు.

ఇప్పుడు గదిలో నేనొక్కడినే. గుండ్లు పడేస్తే లెక్కపెట్టేవాళ్లు లేరు.

శ్రీపాద


కార్వాన్
4 డిసెంబరు 2024

శ్రీపాదా,

ఈ ఉత్తరం నిలబడి చదవకు, కూర్చుని చదువు. తప్పు నాది.

అక్టోబరు చివరిదాకా నిలవుండాలన్నావు. పురుగు పట్టకుండా ప్రతి కుండలో మైలుతుత్తం వేశాను. ఆ నీలం ఉప్పు. పత్తర్‌గట్టిలో కొన్నది అదే. మీ అన్న ఏళ్ల తరబడి వేసినదే.

అందులో రాగి ఉంటుందని నాకు తెలియదు, మీ అన్న మీద ఒట్టు. నీ ఉత్తరంలో వైకుంఠం సంగతి చదివిన మర్నాడు ఆ దుకాణానికే పోయి అడిగాను. ముసలాయన నవ్వాడు. "తాంబే కా హీచ్ నమక్ హై అమ్మా" అన్నాడు. రాగితోనే చేసే ఉప్పట.

కలిపావా అని నువ్వు అడిగితే లేదని ఎందుకు రాశానంటావు. మన ఇంట్లో తుత్తం వెయ్యడం మగవాడి వంతు. మీ అన్న స్నానం చేసి, తూర్పు తిరిగి, తన చెంచాతో తానే వేసేవాడు. నన్ను ఆ చెంచా ముట్టనిచ్చేవాడు కాదు. విధవనై ఉండి ఆ చెంచా తీసి, తూర్పు తిరిగి నేనే వేశాను. మీ అన్న తమ్ముడివి నువ్వు, నీకు ఆ మాట చెప్పడానికి నోరు రాలేదు.

ముందు వెళ్లి వైకుంఠానికి చెప్పు. తర్వాత నన్నెంత తిట్టినా పడతాను.

రంగనాయకి


గనుల కాలనీ
13 డిసెంబరు 2024

వదినగారికి,

మీ ఉత్తరం అందింది.

మొదటి ఉత్తరంలోనే ఇంటికి రమ్మన్నారు. పరీక్ష ఆగిందని రాస్తే మంచం సిద్ధం చేశానన్నారు. ఒక్కసారైనా ఇది నెగ్గాలని రాశారా? మీ ఉత్తరాలన్నీ మళ్లీ తీసి చూశాను, లేదు. మీకు తోడు కావాలి. దానికి నా ముప్పై ఏళ్లు, ఒక అమాయకుడి ఊపిరి ఖర్చయినా పరవాలేదు. అనుకున్నది సాధించారు.

దీక్షిత్‌కు, వైకుంఠానికి నిజం చెప్పాను. ఇంకేమీ రాయడానికి లేదు.

శ్రీపాద


కార్వాన్
24 డిసెంబరు 2024

శ్రీపాదా,

నన్ను "మీరు" అన్నావు. నీ ఏడో ఏట ఈ ఇంటికి కోడలిగా వచ్చాను, నీ తల దువ్వి బడికి పంపాను. ఇన్నేళ్లలో మొదటిసారి. తిట్లకంటే అదే ఎక్కువ తగిలింది.

నువ్వన్నదాంట్లో ఎంత నిజముందో నాలుగు రోజులు వెతుక్కున్నాను. తుత్తం వేసింది నిన్ను చెడగొట్టాలని కాదు. చాలా ఏళ్ల తర్వాత నా చేతికి పని దొరికింది, ఏ లోటూ లేకుండా చెయ్యాలని వేశాను. కాని కలపలేదని రాసిన రోజున, తుత్తం సంగతి ఏమవుతుందో అన్న అనుమానం లేకపోలేదు. పోతే పోనీ, వాడు ఇంటికి వస్తాడు కదా అని ఒక్క క్షణం అనుకున్నాను. ఆ క్షణంలోనే ఉత్తరం పోస్టు డబ్బాలో వేశాను. నాకు ఇక్కడ ఒంటరిగా ఉంది శ్రీపాదా. చెవులు పోయిన తర్వాత ఇల్లు మరీ పెద్దదైంది. అది నీకు చెప్పుకోవాల్సింది పోయి దాచుకున్నాను.

ఈ డబ్బాలో ఐదు కిలోల రేకులున్నాయి. నీ ఉత్తరం రాకముందే కుండ ఎక్కించాను, చలికాలం ఎండ బాగుంది, పన్నెండు రోజుల్లో అయింది. తుత్తం వెయ్యలేదు. మీ అన్న చెంచా పెట్టెలో పెట్టి తాళం వేశాను. వచ్చిన రోజే లేబుకు పంపు, పురుగు పట్టకముందే వాడు. దీక్షిత్ వద్దంటే కాళ్లు పట్టుకో.

ఇది నెగ్గాలి. ఇదిగో, రాశాను. ఇది నెగ్గితే నువ్వు రావని తెలుసు. తెలిసే, చేతనైనంత బాగా వండాను.

వదిన


గనుల కాలనీ
20 ఫిబ్రవరి 2025

వదినా,

నీ డబ్బా రెండు రోజులు మూత తియ్యకుండా ఉంచాను. మూడో రోజు తీసుకుని యార్డుకు వెళ్లాను. వైకుంఠం లారీ పక్కన కూర్చుని సద్ది తింటున్నాడు. క్షమించమని అడిగితే చెయ్యి కడుక్కుని లేచి, "ముందు గా మిల్లు మీ కండ్ల ముంగట కడుగుత సార్" అన్నాడు. కడిగాడు. నేను పక్కన నిలబడి చూశాను.

లేబు కాగితం శుభ్రంగా వచ్చింది. అందాకా పొడిని బిగించిన సీసాల్లో ఉంచాను, చలికి పురుగు పట్టలేదు. పోయిన వారం ఐదు టన్నులు చేశాం. పచ్చి గుండ్లు పదమూడుసార్లకు పగిలాయి. కాలిన గుండ్లను నలగ్గొట్టే యంత్రం కిందపెడితే మట్టివాటికంటే గట్టిగా నిలిచాయి. దీక్షిత్ చెయ్యి కలిపాడు. ప్రయోగశాల ఉంటుంది, నేనూ నాలుగేళ్లుంటాను. వైకుంఠం మళ్లీ లోపలికి వచ్చాడు. లెక్కపెడతాడు కాని, ఇప్పుడు నవ్వడు.

ఇంకొకటి రాయాలి, రాయలేక మూడు కాగితాలు చించాను. ఇకపై నెలకు టన్నుల్లో కావాలి. గుజరాత్‌లో ఒక మిల్లు చింతగింజల పొడి యంత్రాలతో చేస్తుందట, వాళ్లతో మాట్లాడుతున్నారు. నువ్విక కష్టపడనక్కర్లేదు.

ఆ డిసెంబరు ఉత్తరం చించెయ్యి. పరీక్ష నెగ్గిన రోజు సాయంత్రం ఆ మాట చెప్పుకోడానికి క్వార్టరుకు వచ్చాను. తాళం తీసి, దీపం వేసి, ఎవరికీ చెప్పేందుకు లేక అట్లాగే కూర్చున్నాను. నీకూ రోజూ ఇట్లాగే ఉంటుందని అప్పుడు తెలిసింది. ఉగాదికి సెలవు దొరకదు, కొత్త పొడి పరీక్షలున్నాయి. నీ జిగురుతో చేసి కాల్చిన గుండు ఒకటి పంపుతున్నాను. నీది నీ దగ్గర ఉండాలి.

నీ శ్రీపాద


కార్వాన్
3 మార్చి 2025

నా శ్రీపాదకు,

గుండు అందింది. ఇంత చిన్నదా! దీనికా ఇంత లొల్లి.

డిసెంబరు ఉత్తరం చించను. దాచుకోడానికి నీ ఉత్తరాలు ఆరే ఉన్నాయి, ఒకటి తగ్గించుకోలేను. గుజరాత్‌వాళ్లు బాగా వేయిస్తారో లేదో చూసుకో. పప్పు మాడితే పట్టు రాదు, నేను చెప్పానని చెప్పు. మిగిలిన రేకులు ఒక డబ్బాలో పెట్టాను, తుత్తం లేదు కదా, అప్పుడే పురుగు పట్టింది. కుండ కడిగి అటక మీద పెట్టించాను. నీ మంచం మీద మళ్లీ అప్పడాలు పరిచాను.

నిన్న మధ్యాహ్నం ఏమీ తోచక నీ గుండు తీసుకున్నాను. మీరు చేసినట్టే మోకాలెత్తు నుంచి మన షాబాద్ బండల నేల మీద పడేశాను. చప్పుడు నాకు వినపడదు కాబట్టి పగిలిందో లేదో ప్రతిసారీ వంగి తీసి చూశాను. మళ్లీ పడేశాను. ఇరవై రెండుసార్లయ్యేసరికి రుక్మాబాయి మెట్లెక్కి పరుగెత్తుకొచ్చింది. "ఏందమ్మా గా చప్పుడు? ఎవరన్న వచ్చిండ్రా ఇంటికి?" అని నా చెవిలో అరిచింది.

ఎవరూ రాలేదన్నాను. గుండు చూపించాను. ఇంకా పగల్లేదు.

నీ వదిన